బాలల సినిమాలు, టెలివిజన్: వయో వర్గీకరణ, తల్లిదండ్రుల బాధ్యత

సినిమాలు, టెలివిజన్ కార్యక్రమాలు, ఓటీటీ సిరీస్‌లు ఏ వయసు పిల్లలు చూడదగినవో తెలిపే ఏర్పాటును వయో వర్గీకరణ అంటారు. భారతదేశంలో థియేటర్ సినిమాలకు ఈ పనిని కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి చేస్తుంది. జనం దాన్ని నేటికీ సెన్సార్ బోర్డు అనే పిలుస్తారు. టెలివిజన్‌కు 1994 నాటి కేబుల్ నియమాల్లోని ప్రసార నియమావళి, ఓటీటీలకు 2021 నాటి సమాచార సాంకేతిక నియమాలు వర్తిస్తాయి. పెద్దలకు మాత్రమే అని గీత గీసిన చోట తప్ప, ఈ మూడు వ్యవస్థలూ చివరి నిర్ణయాన్ని తల్లిదండ్రులకే అప్పగిస్తాయి. ఆ నిర్ణయం తీసుకోవాల్సిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నారా, వారికి వయసు గుర్తుల అర్థం చేరిందా అన్నదాని మీదే వర్గీకరణ ఫలితం ఆధారపడుతుంది. తెలంగాణలోని కామారెడ్డి జిల్లా బాన్సువాడ ప్రాంతం ఈ విషయాన్ని స్పష్టంగా చూపిస్తుంది.

ప్రాంత నేపథ్యం

బాన్సువాడ మంజీర నదికి దగ్గరలో, నిజాంసాగర్ ఆయకట్టులో ఉన్న పట్టణం. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల వల్ల ఈ చుట్టుపక్కల వరి ప్రధాన పంట అయింది. హైదరాబాద్ సంస్థాన కాలంలో నిజామాబాద్ జిల్లా తాలూకాగా ఉన్న బాన్సువాడ, 2016 అక్టోబర్ 11న ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. 2018లో మున్సిపాలిటీగా మారింది. జిల్లాకు ఒక వైపు మహారాష్ట్రలోని నాందేడ్, మరో వైపు కర్ణాటకలోని బీదర్ ఉన్నాయి. అందువల్ల తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ, కన్నడ ఇక్కడి బజారులో వినిపిస్తాయి. పిల్లలు చూసే తెర కూడా ఒక్క భాషకు పరిమితం కాదు.

కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల కుటుంబ జీవితాన్ని రెండు బతుకుదెరువులు గట్టిగా ప్రభావితం చేశాయి. మొదటిది గల్ఫ్ వలస: దుబాయి, సౌదీ, కువైట్, ఖతర్‌లకు కూలికి వెళ్లిన తండ్రులు ఏళ్ల తరబడి ఇంటికి దూరంగా ఉంటారు. రెండోది బీడీలు చుట్టడం: తల్లులు ఇంట్లోనే కూర్చున్నా కళ్లూ చేతులూ చాటలోని ఆకు మీదే ఉంటాయి. నాట్లు, కోతల రోజుల్లో పొలం పనులూ తోడవుతాయి. పిల్లల పెంపకంలో పెద్ద భాగం నాయనమ్మ, అమ్మమ్మ, తాతల మీద పడుతుంది. చట్టం ‘తల్లిదండ్రుల మార్గదర్శకత్వం’ అన్నప్పుడు, చాలా ఇళ్లలో ఆ పని చేయాల్సింది ఈ ముసలివాళ్లే.

వర్గీకరణకు ముందు

ఉత్తర తెలంగాణ ఊళ్లకు తెర రాకముందే కథ వచ్చింది. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ వల్ల దేశమంతా తెలిసిన చిందు భాగవతం, ఒగ్గు కథ, బుర్రకథ, బాగోతం పిల్లలకూ పెద్దలకూ ఉమ్మడి వినోదాలు. వాటిలో వధలున్నాయి, శోకముంది, మోటు హాస్యముంది. అయినా పిల్లవాడు వాటిని పెద్దవాళ్ల మధ్య కూర్చొని చూసేవాడు. భయపడితే దగ్గరకు తీసుకోవడానికి, అర్థంకాకపోతే చెప్పడానికి పక్కన మనిషి ఉండేది. సినిమా హాలు ఆ కలిసి చూసే అలవాటును కొంతవరకు నిలిపింది. టెలివిజన్ దాన్ని ఇంటి నాలుగు గోడల మధ్యకు తెచ్చింది. సెల్‌ఫోన్‌తో పిల్లవాడు ఒంటరిగా చూడడం మొదలైంది.

చట్టాల చరిత్ర

భారతదేశంలో సినిమా నియంత్రణ 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టంతో ఆరంభమైంది. 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్ నగరాల్లో సెన్సార్ బోర్డులు ఏర్పడ్డాయి. బ్రిటిష్ పాలకులకు అప్పట్లో రాజకీయ చిత్రాల భయం ఎక్కువ. పిల్లల వయసు గురించిన ఆలోచన తర్వాతి కాలానిది. అందరూ చూడదగిన ‘యు’, పెద్దలకు మాత్రమే అయిన ‘ఎ’ అనే రెండు తరగతులు 1949 నాటి సవరణతో వచ్చాయి. 1951లో కేంద్ర బోర్డు ఏర్పడింది. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం నేటికీ మూల చట్టంగా ఉంది.

రాజ్యాంగం ఈ రంగాన్ని రెండుగా పంచింది. సినిమా ప్రదర్శనకు అనుమతి ఇచ్చే అధికారం కేంద్ర జాబితాలో, థియేటర్ల నిర్వహణ రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. ధ్రువపత్రం మండలి ఇస్తే, హాలు లైసెన్సు, ఆటల వేళలు, టికెట్ ధరల వంటివి 1955 నాటి ఆంధ్రప్రదేశ్ సినిమాల నియంత్రణ చట్టాన్ని అనుసరించి రాష్ట్ర యంత్రాంగం చూసేది. తెలంగాణ ఏర్పడ్డాక ఆ చట్టమే ఇక్కడా కొనసాగింది.

జస్టిస్ జి.డి. ఖోస్లా అధ్యక్షతన 1968లో ఏర్పడిన విచారణ సంఘం సెన్సార్ తీరును సమగ్రంగా పరిశీలించింది. కె.ఎ. అబ్బాస్ తన లఘుచిత్రం ‘ఎ టేల్ ఆఫ్ ఫోర్ సిటీస్’ విషయంలో వేసిన కేసులో సుప్రీంకోర్టు 1970లో తీర్పు ఇచ్చింది. ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా నేతృత్వంలోని ధర్మాసనం, సినిమా మిగతా కళలకన్నా బలంగా మనసును కదిలిస్తుంది కనుక ముందస్తు పరిశీలన రాజ్యాంగబద్ధమేననీ, వయసును బట్టి చిత్రాలను విడదీయడం సమంజసమేననీ తేల్చింది.

1983లో రెండు కొత్త తరగతులు చేరాయి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల మార్గదర్శకత్వం కోరేది ‘యు/ఎ’. వైద్యులు, శాస్త్రవేత్తల వంటి ప్రత్యేక వర్గాలకు ఉద్దేశించినది ‘ఎస్’. అదే ఏడాది జూన్ 1న బోర్డు పేరులో ‘సెన్సార్’ స్థానంలో ‘ధ్రువీకరణ’ చేరింది.

2023 సవరణ

నలభై ఏళ్లపాటు ఒకే ‘యు/ఎ’ గుర్తు చాలా భారం మోసింది. ఆరేళ్ల పిల్లకు తగిన సాహస కథకూ, పదిహేనేళ్ల వారికి కూడా బరువయ్యే నెత్తుటి కథకూ అదే గుర్తు పడేది. ఆ గుర్తును చూసి తల్లిదండ్రులు తెలుసుకోగలిగింది తక్కువ. జస్టిస్ ముకుల్ ముద్గల్ కమిటీ 2013లో, శ్యామ్ బెనెగల్ కమిటీ 2016లో వయసును బట్టి మరింత సూక్ష్మంగా విభజించాలని సూచించాయి.

సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం 2023 జూలైలో పార్లమెంటు ఆమోదం పొందింది. 2024 మార్చిలో కొత్త ధ్రువీకరణ నియమాలు వెలువడ్డాయి. వాటి ప్రకారం ఇప్పుడున్న తరగతులు ఇవి:

- యు: ఏ వయసువారైనా చూడవచ్చు.
- యు/ఎ 7+: ఏడేళ్ల లోపు పిల్లల విషయంలో పెద్దల మార్గదర్శకత్వం కావాలి.
- యు/ఎ 13+: పదమూడేళ్ల లోపు వారి విషయంలో కావాలి.
- యు/ఎ 16+: పదహారేళ్ల లోపు వారి విషయంలో కావాలి.
- ఎ: పద్దెనిమిదేళ్లు నిండినవారికి మాత్రమే.
- ఎస్: ప్రత్యేక వర్గానికి మాత్రమే.

సవరణ ధ్రువపత్రం గడువునూ మార్చింది. పదేళ్లుగా ఉన్న గడువు పోయి శాశ్వతంగా చెల్లే ఏర్పాటు వచ్చింది. ‘ఎ’, ‘ఎస్’ పొందిన సినిమాను టెలివిజన్‌లో వేయాలంటే తగిన మార్పులతో వేరే ధ్రువపత్రం తీసుకోవాలి. మండలి సభ్యుల్లో కనీసం మూడో వంతు స్త్రీలు ఉండాలని, వీలైతే సగం ఉండాలని 2024 నియమాలు చెబుతున్నాయి.

‘యు/ఎ’ మూడు మెట్లూ సిఫారసులు మాత్రమే. యు/ఎ 16+ సినిమాకు పదేళ్ల పిల్లవాడు వస్తే గేటు దగ్గర ఆపమని చట్టం థియేటర్‌వారికి చెప్పదు. ఆ గుర్తు కేవలం తల్లిదండ్రుల కోసం వేసింది. ‘ఎ’ సంగతి వేరు. మైనర్లకు ఆ సినిమా చూపించిన ప్రదర్శకుడికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘అర్జున్ రెడ్డి’ (2017), ‘సలార్’ (2023), ‘హిట్: ది థర్డ్ కేస్’ (2025) ఈ తరగతిలో విడుదలైన ప్రసిద్ధ తెలుగు చిత్రాలు. పెద్ద హీరో సినిమా అంటే ఇల్లంతా కదిలి వెళ్లే అలవాటున్న తెలుగునాట, పోస్టర్ మూలనున్న ఆ ఒక్క అక్షరాన్ని టికెట్ కొనకముందే చూడడం అవసరం.

ధ్రువపత్రం ఇచ్చే తీరు

మండలి ప్రధాన కార్యాలయం ముంబైలో ఉంది. దేశంలోని తొమ్మిది ప్రాంతీయ కార్యాలయాల్లో ఒకటి హైదరాబాద్‌లో ఉంది. నిర్మాత దరఖాస్తు చేశాక ప్రాంతీయ అధికారి పరిశీలన సంఘాన్ని నియమిస్తారు. పూర్తి నిడివి కథాచిత్రాన్ని సలహా మండలి సభ్యులు, ఒక పరిశీలన అధికారి కలిసి చూస్తారు. ఆ సంఘంలో స్త్రీలు తప్పక ఉండాలి. నిర్ణయంతో నిర్మాత ఏకీభవించకపోతే పునఃపరిశీలన సంఘానికి వెళ్లవచ్చు. ఆ పైన ఉండిన అప్పిలేట్ ట్రిబ్యునల్ 2021లో రద్దయింది కనుక ఇప్పుడు హైకోర్టుకే వెళ్లాలి. 2025లో ‘కూలీ’ చిత్రానికి వచ్చిన ‘ఎ’ను ‘యు/ఎ’గా మార్చాలని నిర్మాణ సంస్థ కోరగా, మద్రాసు హైకోర్టు ఆ అభ్యర్థనను తోసిపుచ్చింది.

పరిశీలనకు 1991 డిసెంబర్ 6 నాటి కేంద్ర మార్గదర్శకాలు ఆధారం. హింసలో పిల్లలను బాధితులుగా గానీ, చేసేవారిగా గానీ, బలవంతపు సాక్షులుగా గానీ అనవసరంగా చూపకూడదు. దివ్యాంగులను వేధించే, వెక్కిరించే దృశ్యాలు, జంతువుల పట్ల క్రూరత్వం కథకు అక్కరలేకుండా రాకూడదు. అయితే ఏదో ఒక దృశ్యాన్ని విడదీసి కాకుండా, మొత్తం చిత్రం కలిగించే ప్రభావాన్ని బట్టి తీర్పు చెప్పాలని అవే మార్గదర్శకాలు అంటున్నాయి. అనువాద చిత్రానికి ప్రతి భాషలోనూ విడిగా ధ్రువపత్రం తీసుకోవాలి. కనుక తమిళ మాతృకకు వచ్చిన గుర్తే తెలుగు కూర్పుకూ ఉంటుందని అనుకోకుండా చూసుకోవడం మంచిది. థియేటర్లో వేసే ట్రైలర్‌కూ ధ్రువపత్రం కావాలి. యూట్యూబ్‌లో పెట్టే ట్రైలర్‌కు ఆ నిబంధన లేదు. పిల్లవాడు ముందుగా చూసేది మాత్రం దాన్నే.

టెలివిజన్

తెలుగు పిల్లలకు టెలివిజన్ మొదట పాఠశాల రూపంలో వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు జరిగిన ‘సైట్’ ఉపగ్రహ బోధన ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలు పాల్గొన్నాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం వేళ బడి పిల్లలకు కార్యక్రమాలు ప్రసారమయ్యేవి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23న మొదలైంది. 1995లో ఈటీవీ, జెమిని వంటి ప్రైవేటు చానళ్లు రావడంతో ఒకే చానల్, పరిమిత వేళలు అనే పాత క్రమం ముగిసింది.

సినిమాకూ టెలివిజన్ కార్యక్రమానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. టీవీ సీరియళ్లు, రియాలిటీ షోలు, కార్టూన్లకు ముందస్తు ధ్రువీకరణ ఉండదు. ప్రసారమయ్యాక ఫిర్యాదు వస్తేనే విచారణ. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్ నియమాల్లోని ఆరో నియమం ప్రకారం, పిల్లల కోసం తీసిన కార్యక్రమాల్లో బూతు మాటలు, వికృత హింస లేకుండా జాగ్రత్త పడాలి. పిల్లలకు తగని కార్యక్రమాలను పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో వేయకూడదు. ఏడో నియమం, పిల్లల భద్రతకు హాని కలిగించే లేదా వారిని అగౌరవంగా చూపే ప్రకటనలను నిషేధిస్తుంది. ముంబైలో దాఖలైన ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం తర్వాత, టీవీలో ‘యు’, ‘యు/ఎ’ సినిమాలే వేయాలన్న నిబంధన అమలులో గట్టిపడింది.

చానళ్లు స్వీయ నియంత్రణ కోసం 2011 జూన్‌లో ప్రసార ఫిర్యాదుల మండలిని ఏర్పాటు చేసుకున్నాయి. జస్టిస్ ఎ.పి. షా దానికి తొలి అధ్యక్షుడు. రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు మాత్రమే పెద్దల కార్యక్రమాలు వేయాలన్న వేళల విభజన ఈ ఏర్పాటులో భాగం. 2021లో కేబుల్ నియమాల సవరణ ఫిర్యాదులకు మూడంచెల వ్యవస్థను తెచ్చింది: మొదట చానల్, తర్వాత స్వీయ నియంత్రణ సంస్థ, ఆపై కేంద్ర ప్రభుత్వం.

పిల్లలు ప్రేక్షకులుగానే కాక కళాకారులుగానూ టీవీలో ఉన్నారు. డాన్స్ షోలలో చిన్న పిల్లల చేత పెద్దల పాటలకు అసభ్య భంగిమలు వేయించవద్దని సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ 2019 జూన్‌లో చానళ్లకు సూచించింది. 2017 నాటి బాల కార్మిక నియమాలు బాల నటులకు రోజుకు ఐదు గంటలకు మించని పని, మధ్యలో విశ్రాంతి, సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరిట డిపాజిట్ అనే షరతులు పెట్టాయి. తెర మీది పిల్లవాడి గౌరవం తెర ముందు కూర్చున్న పిల్లవాడికి పాఠమవుతుంది. కాబట్టి ఈ నియమాలు వర్గీకరణకు తోబుట్టువుల్లాంటివి.

ఓటీటీ, సెల్‌ఫోన్

2021 ఫిబ్రవరి 25న వెలువడిన సమాచార సాంకేతిక నియమాలు, ‘ఆహా’ వంటి తెలుగు వేదికలతో సహా అన్ని ఓటీటీలకు యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అనే ఐదు తరగతులను తప్పనిసరి చేశాయి. సినిమా చట్టంలోకి ఈ మెట్లు రెండేళ్ల తర్వాత వచ్చాయి. వేదికలు తమ కార్యక్రమాలను తామే వర్గీకరించుకుంటాయి. యు/ఎ 13+, ఆ పై తరగతులకు తల్లిదండ్రుల తాళం ఉండాలి. ‘ఎ’కు నమ్మదగిన వయసు పరిశీలన ఉండాలి. హింస, భయం, భాష, మత్తు పదార్థాలు, నగ్నత్వం, వివక్ష, పిల్లలు అనుకరించే ప్రమాదమున్న చర్యలు వంటి అంశాల ఆధారంగా తరగతి నిర్ణయించి, దానికి కారణాన్ని కార్యక్రమం మొదట్లో చూపాలి. గుర్తు ఒక్కటే ఇవ్వని సమాచారాన్ని ఈ వివరణ ఇస్తుంది. పీడకలలు వచ్చే పిల్లవాడి తల్లికి ‘13+’ కన్నా ‘భయం’ అన్న మాట ఎక్కువ ఉపయోగం.

ఈ వర్గీకరణ వర్తించని మేర చాలా పెద్దది. యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్‌లలో జనం పెట్టే వీడియోలకు, రీల్స్‌కు వయో ధ్రువపత్రం లేదు. బువ్వ తినిపించేటప్పుడు చేతికిచ్చిన సెల్లులో ఒక పాట తర్వాత మరో వీడియో దానంతటదే మొదలవుతుంది. కార్టూన్ బొమ్మ కనబడినంత మాత్రాన అది పిల్లల వీడియో కానక్కరలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్ల లోపు వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి కావాలంటుంది. పిల్లలను గురిపెట్టి చేసే ప్రకటనలను నిషేధిస్తుంది. అయితే ఇది సమాచార గోప్యతకు చెందిన చట్టం. వీడియోలో ఏముందన్నది దీని పరిధి కాదు.

తెలుగులో బాలల చిత్రాలు

మంచివి లేకపోతే, వద్దు అనే మాట ఒక్కటే తల్లిదండ్రుల చేతిలో మిగులుతుంది. తెలుగులో మంచివి ఉన్నాయి. 1936లో సి. పుల్లయ్య ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయం’ చిత్రాలను పిల్లలనే నటులుగా పెట్టి తీశారు. ‘లవకుశ’ (1963) తరతరాల పిల్లలు చూసిన చిత్రం. ‘బాల భారతం’, ఎడారిలో తప్పిపోయిన బాలుడి కథ ‘పాపం పసివాడు’ రెండూ 1972లో వచ్చాయి. గుణ్ణం గంగరాజు ‘లిటిల్ సోల్జర్స్’ (1996) తల్లిదండ్రులను పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ల కథ. గుణశేఖర్ దర్శకత్వంలో అందరూ పిల్లలే నటించిన ‘రామాయణం’ (1997) ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది.

కేంద్రం 1955లో బాలల చలనచిత్ర సంఘాన్ని నెలకొల్పింది. ఆ సంఘం నిర్వహించిన అంతర్జాతీయ బాలల చిత్రోత్సవానికి 1995 నుంచి హైదరాబాద్ స్థిర వేదికైంది. రెండేళ్లకోసారి, నవంబర్ 14 బాలల దినోత్సవ వారంలో జరిగిన ఆ ఉత్సవాల్లో ఇరవయ్యోది 2017లో హైదరాబాద్‌లో జరిగింది. 2022లో సంఘం జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైంది. యానిమేషన్‌లో హైదరాబాద్‌కు చెందిన గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో ‘ఛోటా భీమ్’ను తెచ్చింది. 2021లో ఈటీవీ బాలభారత్ చానళ్లు మొదలయ్యాయి.

2022 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం స్వతంత్ర భారత వజ్రోత్సవాల సందర్భంగా రిచర్డ్ అటెన్‌బరో ‘గాంధీ’ చిత్రాన్ని రాష్ట్రమంతటా థియేటర్లలో బడి పిల్లలకు ఉచితంగా చూపించింది. అందులో జలియన్‌వాలాబాగ్ కాల్పులు ఉన్నాయి, గాంధీ హత్య ఉంది. పిల్లలు వాటిని తమ టీచర్లతో కలిసి, చరిత్ర పాఠంగా చూశారు. మార్గదర్శకత్వం అంటే ఏమిటో దీనిలో తెలుస్తుంది: కష్టమైన దృశ్యానికి అర్థం చెప్పే మనిషి పక్కన ఉండడం.

థియేటర్ వేళలు: హైకోర్టు జోక్యం

2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియర్ సందర్భంగా తొక్కిసలాట జరిగింది. ఒక తల్లి చనిపోయింది. ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. పిల్లల భద్రత అంటే తెర మీది దృశ్యం ఒక్కటే కాదని, హాలు, జనసమ్మర్దం, వేళ అన్నీ అందులో భాగమేనని ఈ ఘటన తెలియజెప్పింది.

బెనిఫిట్ షోలు, టికెట్ ధరల పెంపుపై దాఖలైన పిటిషన్లు విచారిస్తూ తెలంగాణ హైకోర్టు 2025 జనవరిలో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పదహారేళ్ల లోపు పిల్లలను ఉదయం 11 గంటల లోపు, రాత్రి 11 తర్వాత థియేటర్లలోకి అనుమతించవద్దని అందులో పేర్కొంది. మల్టీప్లెక్స్ యజమానుల సంఘం అభ్యంతరం తెలపగా, మార్చిలో ఆ ఉత్తర్వును సవరించి పిల్లల ప్రవేశంపై ఆంక్షను తొలగించింది. కనుక సెకండ్ షోకు చిన్న పిల్లలను తీసుకెళ్లాలా వద్దా అన్నది మళ్లీ తల్లిదండ్రుల చేతికే వచ్చింది. నిద్ర చెడిన పిల్లవాడు మర్నాడు బడిలో ఏమవుతాడో తెలిసింది కూడా వారికే.

ఇతర దేశాల అనుభవం

బ్రిటన్‌లో సినిమా వర్గీకరణ సంస్థ 1912లో ఏర్పడింది. అక్కడి టీవీలో పెద్దల కార్యక్రమాలు రాత్రి 9 తర్వాతే వస్తాయి. అమెరికాలో నిర్మాతల సంఘమే 1968 నవంబర్ నుంచి స్వచ్ఛందంగా తరగతులు ఇస్తోంది. 1984లో రెండు చిత్రాలలోని హింసపై తల్లిదండ్రుల ఆందోళన వల్ల పదమూడేళ్ల గీత వచ్చింది. 1996 చట్టం టీవీ సెట్లలో నియంత్రణ చిప్ పెట్టాలని ఆదేశించింది. జపాన్‌లో 1997 డిసెంబర్ 16న ‘పోకెమాన్’ కార్టూన్‌లోని మెరిసే కాంతుల వల్ల మూర్ఛ వంటి లక్షణాలతో సుమారు 685 మందిని, ఎక్కువగా పిల్లలను, ఆసుపత్రులకు తరలించారు. హింస లేని కార్టూన్ కూడా శరీరానికి హాని చేయగలదని ఆ ఘటన చూపింది.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారత్ 1992 డిసెంబర్‌లో చేరింది. దాని 17వ అధికరణ, మంచి సమాచారం పొందే హక్కునూ హానికర సమాచారం నుంచి రక్షణనూ కలిపి చెబుతుంది. 18వ అధికరణ పెంపకంలో తల్లిదండ్రులిద్దరికీ ఉమ్మడి బాధ్యత ఉందనీ, వారికి తగిన సహాయం ప్రభుత్వం అందించాలనీ అంటుంది. ఈ రెండో సగం తరచుగా మరుగున పడుతుంది. బాధ్యత అప్పగించిన చోట సాయం కూడా అందాలి.

పరిశోధన చెప్పేది

అమెరికాలో 1929-32 మధ్య జరిగిన పేన్ ఫండ్ అధ్యయనాలు పిల్లలపై సినిమా ప్రభావాన్ని మొదట విస్తృతంగా పరిశీలించాయి. 1961లో ఆల్బర్ట్ బండూరా ‘బోబో’ బొమ్మ ప్రయోగం, పెద్దలు కొట్టడం చూసిన పిల్లలు అదే చేస్తారని చూపింది. 1996లో బుష్‌మన్, స్టాక్ పరిశోధన, కొన్ని హెచ్చరికలు ఆకర్షణను పెంచుతాయని గమనించింది. కారణం చెప్పకుండా వద్దన్నది పిల్లవాడికి మరింత ముద్దొస్తుంది. హార్వర్డ్ పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనం, 1992-2003 మధ్య అమెరికాలో ఒకే గుర్తు కింద హింస, లైంగిక దృశ్యాలు క్రమంగా పెరిగాయని తేల్చింది. తల్లిదండ్రులు తమ చిన్ననాటి గుర్తును నమ్ముకుంటే సరిపోదన్నమాట.

డచ్ పరిశోధకురాలు పట్టి వాల్కెన్‌బర్గ్ బృందం 1999లో తల్లిదండ్రుల పాత్రను మూడు విధాలుగా వర్ణించింది: అదుపు చేయడం, వివరించి చెప్పడం, కలిసి చూడడం. మూడూ అవసరమే. చాలా ఇళ్లలో మొదటిదే కనిపిస్తుంది, అది కూడా అరుపుల రూపంలో.

తెర ముందు గడిపే సమయంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, భారతీయ శిశువైద్యుల అకాడమీ ఆ తర్వాత సూచనలు ఇచ్చాయి. అకాడమీ ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలకు బంధువులతో వీడియో కాల్ తప్ప తెర వద్దు. రెండు నుంచి ఐదేళ్ల వారికి రోజుకు గంట మించకూడదు. ఐదు నుంచి పదేళ్ల వారికి రెండు గంటల లోపే ఉండాలి.

బాన్సువాడ వంటి చోట ఆచరణ

వీడియో కాల్‌కు ఇచ్చిన మినహాయింపు గల్ఫ్ కుటుంబాలకు పెద్ద వరం. దుబాయిలో ఉన్న తండ్రి కూడా పిల్లవాడు ఏం చూశాడో, దానిలో ఏం నచ్చిందో అడగగలడు. పంపిన డబ్బు, మార్కుల గురించి మాట్లాడినట్టే దీని గురించీ మాట్లాడితే, మార్గదర్శకత్వం దూరం నుంచైనా కొంత అందుతుంది.

ఇంట్లో ఉండే నాయనమ్మ, తాతలకు గుర్తుల అర్థం చెప్పడం తర్వాతి పని. అక్షరం రాని పెద్దలు కూడా 7, 13, 16 అంకెలను గుర్తుపట్టగలరు. పాత ‘యు/ఎ’ కన్నా కొత్త గుర్తులు వారికి ఎక్కువగా అందుతాయి. సెట్‌టాప్ బాక్సులోని చానల్ తాళం పెట్టడం కేబుల్ ఆపరేటర్‌ను అడిగి నేర్చుకోవచ్చు. ఓటీటీలో పిల్లల ప్రొఫైల్ వేరుగా తెరిచి, పెద్దల ప్రొఫైల్‌కు పిన్ పెట్టడం పెద్ద తరగతి చదివే అక్క గానీ అన్న గానీ చేసి ఇవ్వగలరు. యూట్యూబ్‌లో దానంతటదే తర్వాతి వీడియో మొదలయ్యే ఆప్షన్‌ను ఆపేయాలి. తాళం తెలిసిన పిల్లవాడు తాళం తీయడం కూడా నేర్చుకుంటాడు. అందువల్ల సెల్లు ఇంట్లో నలుగురూ కూర్చునే చోట వాడే అలవాటు తాళం కన్నా ఎక్కువ కాలం పనిచేస్తుంది.

బీడీలు చుట్టే తల్లికి, పొలం నుంచి అలసి వచ్చిన తల్లికి రోజూ పక్కన కూర్చొని చూడమని చెప్పడం న్యాయం కాదు. ఆమె చేయగలిగింది ఒక ప్రశ్న అడగడం: ‘ఇయ్యాల ఏం చూసినవ్, గండ్ల ఏమైంది?’ పిల్లవాడు చెప్పే కథలో భయం, కోపం, తప్పుడు నమ్మకం ఉంటే అక్కడే బయటపడుతుంది. మిగతా భారాన్ని బడి, అంగన్‌వాడీ, గ్రంథాలయం పంచుకోవాలి. బడిలో జరిగే తల్లిదండ్రుల సమావేశంలో ఈ ఆరు గుర్తుల గురించి పది నిమిషాలు చెప్పడానికి ఖర్చేమీ లేదు. నెలకోసారి బడిలోనే ఒక మంచి బాలల చిత్రం చూపి, తర్వాత దాని గురించి పిల్లల చేత మాట్లాడిస్తే, చూసినదాన్ని ఆలోచించే అలవాటు పిల్లలకే వస్తుంది.

ఫిర్యాదు చేసే మార్గాలూ తెలిసి ఉండాలి. టీవీ కార్యక్రమంపై మొదట ఆ చానల్ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఓటీటీ వేదిక పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. పిల్లలకు ఎవరైనా అశ్లీల దృశ్యాలు చూపిస్తే అది నేరం కనుక పోలీసులకు, లేదా 1098 బాలల సహాయవాణికి చెప్పాలి.

విమర్శలు

ఈ వ్యవస్థపై రెండు వైపుల నుంచీ విమర్శలున్నాయి. వయసు చెప్పాల్సిన మండలి ఇంకా కోతలు సూచిస్తూ పెద్దల స్వేచ్ఛను తగ్గిస్తోందని చాలామంది దర్శకులు అంటారు. వర్గీకరణకే పరిమితం కావాలన్న బెనెగల్ కమిటీ సిఫారసు పూర్తిగా అమలు కాలేదు. మరో వైపు, వ్యాపార చిత్రాలకు ‘యు/ఎ’ ఉదారంగా దక్కుతోందని తల్లిదండ్రులు బాధపడతారు. థియేటర్‌కు ఒక సంస్థ, టీవీకి ఒకటి, ఓటీటీకి మరొకటి ఉండడం వల్ల ఒకే సినిమా మూడు తెరల మీద మూడు తీరుల నియమాలకు లోబడుతుంది. రీల్స్ ఏ వయో వర్గీకరణకూ చిక్కవు.

ఈ లోపాలన్నీ సరిదిద్దినా మార్గదర్శకత్వం అనే పని మిగిలే ఉంటుంది. ఏడేళ్ల పిల్లలందరూ ఒకే రకంగా భయపడరు. తండ్రి దూరాన ఉన్న పిల్లవాడికి ఒక వియోగ దృశ్యం తగిలినంత లోతుగా మరొకరికి తగలదు. ఆ తేడా హైదరాబాద్‌లో సినిమా చూసే పరిశీలన సంఘానికి తెలియదు. పిల్లవాడిని పెంచేవారికి తెలుస్తుంది. అందుకే చట్టం ఆ నిర్ణయాన్ని వారికి వదిలింది. వదిలిన నిర్ణయాన్ని తీసుకోవడానికి కావలసిన సమాచారం, తీరిక, తోడు ఆ ఇళ్లకు చేర్చడం ప్రభుత్వం, పరిశ్రమ, బడి, ఊరు కలిసి చేయాల్సిన పని.